తూటాలో మందు, పుస్తకంలో అంకె

తూటాలో ఎంత మందు పొయ్యాలో చెప్పే పాత పుస్తకంలో ఉన్న అంకె కొత్త పుస్తకంలో తగ్గిపోయిందని మీ నాన్నతో వాదన పెట్టుకున్నావటగా నాయనా. "కంపెనీలు లాయర్లకు భయపడి మందు తగ్గించేశాయి, అసలు లెక్క పాతదే" అన్నావట. ఈ మాట నాకు కొత్త కాదులే. నువ్వు పుట్టకముందు నుంచీ మొంటానాలో ఏ తుపాకుల కొట్టుకు వెళ్ళినా బల్లకు ఆనుకుని ఎవడో ఒకడు ఇదే అంటున్నాడు. అనేవాళ్ళు మారారు గానీ మాట మారలేదు. కూర్చో, పొయ్యిలో ఇంకో కట్టె వెయ్యి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈ పూటకు ఆ లోకువ నీది. ఆ ఫోను మాత్రం బోర్లా పెట్టు.

మన ఇంట్లో ఉన్న రైఫిల్ .35 వేలన్. దాని పుట్టుక తెలిస్తే ఈ అంకెల గొడవ సగం తెలిసినట్టే. 1922 నాటి మాట. ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధాగారంలో టౌన్సెండ్ వేలన్ అని ఒక సైనికాధికారి ఉండేవాడు. తుపాకుల మీద, అడవి మీద వ్యాసాలు రాయడంలో పెద్ద చెయ్యి. అక్కడి వర్క్‌షాపులో జేమ్స్ హోవ్ అనే గట్టి పనివాడు. సైన్యం వాడే .30-06 ఇత్తడి గొట్టం తీసుకుని, దాని మెడను వెడల్పు చేసి, 0.308 అంగుళాల గుండు పట్టేచోట 0.358 అంగుళాల గుండు పట్టేలా చేశారు. ఇందులో వేలన్ పాలెంత, హోవ్ పాలెంత అని ఇప్పటికీ తగువులాడేవాళ్ళున్నారు. మనకు ఆ పంపకం వద్దు.

ఎందుకు చేశారంటే డబ్బు కోసమేననుకో, అంటే డబ్బు మిగల్చడం కోసం. పెద్ద ఎల్క్‌కూ, మూస్‌కూ, అలాస్కా ఎలుగుకూ బరువైన గుండు కావాలి. ఎల్క్ అంటే మన కణుజుకు అన్నలాంటిది, ఒళ్ళు ఇంకా పెద్దది. ఆ పనికి లండన్ నుంచి .375 తూటా 1912లోనే వచ్చింది. కానీ అంత పొడుగు తూటా పట్టే రైఫిల్ కొనాలంటే మామూలు రైతుకు అయ్యే పని కాదు. వేలన్ తూటాకైతే ఊళ్ళో దొరికే స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ చాలు, తుపాకి గొట్టం ఒక్కటి మార్చుకుంటే సరి.

ఇక్కడే మెలిక ఉంది, జాగ్రత్తగా విను. ఆ తూటాను ఏ పెద్ద కంపెనీ అరవై ఏళ్ళకు పైగా తయారు చెయ్యలేదు. 1988 ప్రాంతంలో రెమింగ్టన్ వాళ్ళు పూనుకునేదాకా వేలన్ తూటా కావాలంటే ఇంట్లో చేత్తో చేసుకోవాల్సిందే. ఎవరి దారి వాళ్ళదే అన్నట్టు, ఒక్కో తుపాకుల మేస్త్రీ తన దగ్గరున్న పనిముట్టుతో తూటా కూర్చునే రైఫిల్ గది తొలిచేవాడు. ఒకడి గది కాస్త బిగుతు, ఇంకొకడిది కాస్త వదులు. అందరి రైఫిల్ పేరూ ఒకటే. అలాంటప్పుడు పుస్తకంలో అంకె ఎవరి రైఫిల్‌దంటావు?

నాకు ఈ విద్య నేర్పింది మేము ఈ ఊరు వచ్చినప్పటి పక్కింటాయన. పేరు చెప్పను, ఆయనకు పేరు బయట పడటం గిట్టేది కాదు. రైల్వే వర్క్‌షాపులో లేతు మిషను మీద జీవితమంతా పని చేసి రిటైరైన మనిషి. అప్పుడు నేను కొత్తగా వచ్చిన డాక్టర్ని. 1970ల చివర, మంచు కాలం. మీ నాయనమ్మ మాంసం ముట్టకపోయినా ఆయన ఎల్క్ మాంసం కాగితంలో చుట్టి తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు, నా కోసం. ఆవిడ ఆవకాయ సీసా ఇచ్చేది. రొట్టెకు రాసుకుని తినేవాడు, కళ్ళలో నీళ్ళు కారుతున్నా సీసా ఖాళీ అయ్యేదాకా వదిలేవాడు కాదు.

సాయంత్రాలు ఆయన గ్యారేజీలో కూర్చునేవాణ్ణి. తూటా చెయ్యడమంటే వంటకంటే తక్కువ పనే, కానీ వంటకంటే ఎక్కువ మర్యాద ఉన్న పని. పేల్చిన ఇత్తడి గొట్టాలు తుడిచి, కాస్త నూనె పట్టించి, డై అనే అచ్చులో పెట్టి ప్రెస్సు పిడి నొక్కితే ఉబ్బిన గొట్టం మళ్ళీ కొలతకు వస్తుంది, అడుగున మందుకు నిప్పు అంటించే పాత ప్రైమర్ ఊడిపడుతుంది. కొత్త ప్రైమర్ దిగ్గొట్టాలి, మందు తూచి పొయ్యాలి, పైన గుండు కూర్చోబెట్టాలి. అంతే. ఆయనది కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో తయారైన ఆకుపచ్చ ఇనప ప్రెస్సు. అంత డబ్బు లేని కుర్రాళ్ళు విస్కాన్సిన్‌లో లీ అనే ఆయన చేసిన చిన్న పెట్టె కొనుక్కునేవాళ్ళు. 1960లలో దాని ఖరీదు తొమ్మిది డాలర్ల తొంభై అయిదు సెంట్లు. దానికి ప్రెస్సు అక్కర్లేదు, సుత్తితో కొట్టుకుంటూ చేసుకోవడమే. వంటింటి బల్ల మీద టకటకా కొడుతుంటే పెళ్ళాలు తిట్టేవాళ్ళు. వంద ప్రైమర్లు డాలరుకు అటూఇటూగా వచ్చేవి. ఈమధ్య కొరత రోజుల్లో ఒక్కొక్కటి పది సెంట్ల దాకా పలికింది, అదీ కొట్లో ఉంటే.

మర్యాద అన్నాను కదా. మందు పోస్తున్నప్పుడు రేడియో ఆపేవాడు. పైపు తాగే అలవాటుంది, గానీ పైపు కిటికీ అవతల గట్టు మీద పెట్టి వచ్చేవాడు. ఆ సమయంలో భార్య పిలిచినా పలికేవాడు కాదు, ఆవిడా పిలిచేది కాదు. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. రెండోది ఎంత దగ్గరి పేరున్నదైనా అరలోకి వెళ్ళాల్సిందే. పని అయ్యాక మిగిలిన మందు ఏ డబ్బాలోంచి వచ్చిందో ఆ డబ్బాలోకే పొయ్యాలి. ఒకరు చేసిన తూటా ఇంకొకరు పేల్చకూడదు. అడగడమే తప్పు, ఇవ్వడం ఇంకా తప్పు. తూటాల పెట్టె మీద తేదీ, మందు పేరు, ఆ డబ్బా లాటు నంబరు, ఆ రోజు ఎండా చలా, అన్నీ పెన్సిలుతో రాసేవాడు. ఇవే వివరాలు ఒక నోట్‌బుక్కులో కూడా ఎక్కేవి. నువ్వు అటక మీద చూశానన్నావే, ఆ నోట్‌బుక్కు అదే. పోయేముందు నాకిచ్చాడు.

తూకం సంగతి చెప్పాలి. మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రాముకు పదిహేను గ్రెయిన్ల పైచిలుకు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ ఒక్కటి దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. ఆ గ్రెయిన్‌లో పదోవంతు దగ్గర త్రాసు ముల్లు ఆగాలి ఆయనకు. నీకు పుస్తకంలో కనిపించిన తేడా రెండు గ్రెయిన్లు, అంటే గురిగింజంత. గురిగింజంత దానికి ఇంత వాదనా అని మీ నాన్న అనుకుని ఉంటాడు. కానీ నిజానికి అది చిన్న తేడా కాదు.

ఎందుకో చెబుతాను. మా ఊళ్ళో మా తాత కాలానికి భర్మారు తుపాకులుండేవి. మూతిలోంచి నల్ల తుపాకిమందు పోసి, గుడ్డ కుక్కి, గుండు దించేవాళ్ళు. అరచేతిలో గుండు పెట్టుకుని, అది మునిగేదాకా మందు పోస్తే అదే కొలత అనేవాడు ఒక వేటగాడు. కాస్త ఎక్కువైతే పొగ ఎక్కువ, భుజానికి దెబ్బ ఎక్కువ. నల్ల తుపాకిమందు చాలావరకు సహించేది. ఈ పొగలేని మందు అలాంటిది కాదు. గొట్టంలో ఒత్తిడి పెరిగేకొద్దీ అది ఇంకా వేగంగా మండుతుంది, వేగంగా మండేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పొయ్యి మీద పాలలాగా, పొంగే క్షణం దాకా ఏమీ లేనట్టే కనిపిస్తుంది. అందుకని కింది అంకెల దగ్గర అర గ్రెయిన్ చేసే పని వేరు, పై అంకె దగ్గర అదే అర గ్రెయిన్ చేసే పని వేరు.

ఎండ కూడా లెక్కే. మన దేశానికీ, ఆఫ్రికాకూ పంపే తూటాల్లో ఇంగ్లాండు కంపెనీలు కార్డైట్ మందు తగ్గించి పోసేవి. చలి దేశంలో సరిపోయిన కొలత మన రోహిణీ కార్తె ఎండలో మరీ ఎక్కువైపోతుందని వాళ్ళకు తెలుసు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి మన దేశంలో షికారు చాలావరకు ఆగిపోయింది. మంచి పనే జరిగింది, అడవిలో మిగిలింది తక్కువ.

ఎక్కడికో పోయాను. అంకె ఎందుకు మారింది అని కదా నీ ప్రశ్న.

పాత రోజుల్లో ఒత్తిడి కొలిచే పద్ధతి ఇది. కొలత కోసం చేసిన తుపాకి గదికి పక్కన చిన్న రంధ్రం చేసి, అందులో ముషలకం పెట్టి, దాని మీద చిన్న రాగి ముక్క పెట్టేవాళ్ళు. పేలినప్పుడు రాగి ఎంత నలిగిందో కొలిచి, పట్టిక చూసి అంకె రాసేవాళ్ళు. రాగి నలగడానికి కాస్త సమయం కావాలి. తూటాలో ఒత్తిడి శిఖరానికి చేరి దిగిపోవడం సెకనులో వెయ్యో వంతు వ్యవహారం. కాబట్టి రాగి అసలు శిఖరం చూడలేదు, దాని భుజం దాకానే చూసింది. తర్వాత స్ఫటికం పెట్టే పద్ధతి వచ్చింది. నొక్కితే విద్యుత్తు పుట్టే స్ఫటికం అది, ఒత్తిడి ఎక్కడం దిగడం అంతా గీత గీసి చూపిస్తుంది. అప్పుడు బయటపడింది, కొన్ని పాత కొలతల్లో శిఖరం అనుకున్నదానికంటే చాలా ఎత్తుగా ఉందని. ఇంకొన్ని చోట్ల అనవసరంగా భయపడ్డామని కూడా తేలింది, అక్కడ అంకె పెరిగింది. పెరిగిన అంకెల గురించి ఏ కొట్లోనూ ఎవడూ వాదించడు చూశావా, లాయర్లు ఆ పేజీల జోలికి రాలేదేమో అడుగు వాళ్ళను.

ఇంకో గమ్మత్తు. రాగి లెక్కలో .30-06కు హద్దు 50,000. స్ఫటికం లెక్కలో అదే తూటాకు హద్దు 60,000. తూటా మారలేదు, హద్దూ మారలేదు, కొలిచే కన్ను మారింది. పాత పుస్తకాల్లో రాగి అంకె పక్కన కూడా చదరపు అంగుళానికి పౌండ్లు అనే రాసేవాళ్ళు. ఇక రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని, "హద్దు పదివేలు పెరిగింది, మనం ఇంకాస్త పొయ్యవచ్చు" అన్నవాళ్ళను నేను చూశాను. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఈ మందు కూడా అంతే.

పైగా కొన్ని గుండ్ల కంపెనీల పాత పుస్తకాలకు రాగి ముక్క భాగ్యం కూడా లేదు. మామూలు రైఫిల్‌తో పేల్చి, ప్రైమర్ చదునైందా, బోల్టు బరువుగా లేచిందా, గొట్టం అడుగు ఉబ్బిందా అని చూసి అంకె వేసేవాళ్ళు. ఆ గుర్తులు కళ్ళకు కనబడేసరికి చాలాసార్లు హద్దు దాటేసి ఉంటాం. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు నాయనా, చేతిలో ఉన్న పనిముట్టుతో చూశారు.

ఇక మందు పేర్ల సంగతి. దీనికి కాన్సస్ దాకా వెళ్ళాలి. బ్రూస్ హాడ్జ్‌డన్ అని ఒకాయన. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం దగ్గర గుట్టలుగా మందు మిగిలిపోతుందని ఊహించి, జీవిత బీమా మీద అప్పు తెచ్చి మరీ 4895 అనే మందు కొన్నాడు, యాభై వేల పౌండ్లు. పెట్టుకోవడానికి చోటు లేక పాత రైలు పెట్టె ఒకటి తెచ్చి, అద్దెకు తీసుకున్న పొలంలో నిలబెట్టి అందులో దాచాడు. పత్రికలో అంగుళం ప్రకటన వేస్తే ఆర్డర్లు వచ్చాయి. ఆయన కొడుకులు బడికి పోతూ పోతూ కారు డిక్కీలో పార్సిళ్ళు వేసుకుని రైలు స్టేషన్లో దించేవాళ్ళట. నూటయాభై పౌండ్ల పీపా ముప్ఫై డాలర్లు! అప్పట్లో డాలరు మనకు మూడు రూపాయల అయిదణాలు. అంటే అరవై ఎనిమిది కిలోల మందు వంద రూపాయలకు వచ్చింది. మీ నాయనమ్మ తండ్రి జీతం ఆ రోజుల్లో అంతకంటే తక్కువ. సరే, జీతాల కథ ఇంకో రాత్రి.

తర్వాత ఆయన 4831 అనే మందు అమ్మాడు, 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల్లోంచి తీసినది. ఎంతో పేరొచ్చింది దానికి. యుద్ధపు నిల్వ అయిపోయాక అదే పేరుతో స్కాట్లండులో చేయించారు, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో. ఈలోగా 1970ల మొదట్లో డ్యూపాంట్ వాళ్ళు తమ సొంత 4831 తెచ్చారు. అంకె అదే, ముందు అక్షరాలు వేరు, మండే వేగం కాస్త ఎక్కువ. ఒకదాని కొలత చూసి రెండోది పోసినవాళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో అప్పటి పత్రికల్లో హెచ్చరికలు చూస్తే తెలుస్తుంది. మన వేలన్‌కు 4831 పనికిరాదు, అది దీనికి మరీ నిదానం. దీనికి 4064 లాంటివి కావాలి. అయినా చెప్పింది ఎందుకంటే, డబ్బా మీద పేరు చూసి లోపల ఉన్నది యాభై ఏళ్ళనాటి సరుకే అనుకోకూడదు. పుస్తకం మారడానికి సగం కారణం సరుకు మారడం.

మా పక్కింటాయన దగ్గరికి పశువుల రాంచ్ కుర్రాడొకడు వచ్చేవాడు. మంచివాడే, తొందర ఎక్కువ. గ్యారేజీ గోడకు గుచ్చిన చీటీలోంచి వేలన్ కొలత ఒకటి చూసి, అడక్కుండా రాసుకుపోయాడు. ఇంటికెళ్ళి అదే మందు, అదే బరువు గుండు, అంతా అదే. గొట్టాలు మాత్రం సైన్యం వాడి పారేసిన .30-06వి, చవగ్గా బస్తాలో దొరికినవి. మొదటి తూటాకే బోల్టు బిగుసుకుపోయింది. కట్టె ముక్కతో కొట్టి తెరిస్తే ప్రైమర్ నేల మీద పడింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, అది మంచిదైంది. దెబ్బ ఏమీ తగల్లేదు.

ఆ రైఫిల్ పట్టుకుని వచ్చినప్పుడు పెద్దాయన ఒక్క మాట తిట్టలేదు. వాడి గొట్టం ఒకటి, తన గొట్టం ఒకటి తీసుకుని రెండింట్లోనూ అంచు దాకా నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టాడు. సైన్యపు గొట్టం గోడలు మందం, లోపల చోటు తక్కువ. నీళ్ళు తక్కువ పట్టాయి. చోటు తగ్గితే అదే మందుకు ఒత్తిడి పెరుగుతుంది. "నా చీటీలో అంతా రాశాను, గొట్టం ఎవరిదో తప్ప" అన్నాడు. ఆ రాత్రి నుంచి చీటీల్లో అది కూడా రాయడం మొదలుపెట్టి, గోడమీదవి తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

అంకెలు తను మార్చేవాడు కాదా అంటావు. మార్చేవాడు. పుస్తకం ఇచ్చిన మొదటి అంకె దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా ఎక్కుతూ, తన రైఫిల్‌కు ఎక్కడ గురి బాగా కుదిరిందో అక్కడ ఆగేవాడు. చాలాసార్లు అది పై అంకెకు చాలా కిందే ఉండేది. గుండు మారినా, ప్రైమర్ మారినా, కొత్త లాటు డబ్బా తెరిచినా మళ్ళీ కింది నుంచే. ఒకేసారి రెండు మార్పులు చెయ్యడు. పుస్తకం ఇచ్చిన కింది అంకెకంటే తగ్గించడు కూడా, నిదానపు మందు మరీ తక్కువ పోసినా ఒక్కోసారి ఒత్తిడి అదుపు తప్పుతుందని. నిదానమే ప్రధానం అని మనం నోటితో అంటాం, ఆయన చేత్తో అనేవాడు.

రెమింగ్టన్ వాళ్ళు వేలన్ తూటా అమ్మకానికి పెట్టినప్పుడు ఆయనకు డెబ్బై దాటాయి. పండగ చేసుకున్నాడు. తన జీవితమంతా అనాథగా ఉన్న తూటాకు ఊరూ పేరూ వచ్చాయి కదా. ఒక పెట్టె కొని, గుండు వేగం కొలిచే యంత్రం అరువు తెచ్చాడు. కంపెనీ తూటా 250 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,400 అడుగుల వేగంతో పంపుతుందని పెట్టె మీద రాశారు, యంత్రం దాదాపు అంతే చూపించింది. తర్వాత తన పాత తూటాలు పేల్చాడు. అవి చాలా ఎక్కువ వేగంగా పోయాయి. అక్కడున్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు ఆ వేగం గురించి ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారు ఈ ఊళ్ళో.

ఆయన మాత్రం నవ్వలేదు. అదే పొడుగు తుపాకి గొట్టం, అదే బరువు గుండు, అంత ఎక్కువ వేగం ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే రాదు కదా, ఒత్తిడి నుంచే రావాలి. ముప్ఫై ఏళ్ళుగా బోల్టు మెత్తగా తెరుచుకుంటోంది, ప్రైమర్లు గుండ్రంగా ఉన్నాయి, అయినా. ఆ వారమే కూర్చుని పాత పుస్తకాలూ కొత్త పుస్తకాలూ ముందు వేసుకుని, నోట్‌బుక్కులో వేలన్ పేజీలన్నీ తిరగేసి, ఎర్ర పెన్సిలుతో ఒక్కో అంకె కొట్టేసి పక్కన కొత్తది రాశాడు. ఆ తర్వాత శరత్కాలం ఎల్క్ ఎప్పటిలాగే పడింది. వేగం తగ్గిన సంగతి దానికి తెలియలేదు.

అటక మీద నువ్వు ఫోనుతో ఫోటో తీసుకున్నది ఆ నోట్‌బుక్కులో ముందు పేజీల నకలు, వెనకవైపు అట్టలో మడిచి ఉన్నది. అందులో ఎర్ర గీతలు లేవు, గీతలకు ముందు రాసింది. అసలు నోట్‌బుక్కు తెచ్చి ఇవ్వు, చూపిస్తాను. కొత్త పుస్తకమూ తీసుకురా, త్రాసూ తీసుకురా. ఇత్తడి గొట్టాలు ఎవరివో చూశావా? మందు డబ్బా ఎప్పటిది? గుండు ఎంత బరువు? ముందు ఇవన్నీ ఒక కాగితం మీద రాయి, పెన్సిలుతో. రాసేదాకా డబ్బా మూత తియ్యకు.